బంగ్లా గేటు దగ్గర కమ్లి పాట

చండ్రుగొండ దాటి అడవి వైపు మళ్లే రోడ్డు మీద, జామాయిల్ తోటలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట, ఒక పాత బంగ్లా ఉంది. ఒకప్పుడు కలప కాంట్రాక్టు చేసిన పెద్దమనిషి ఒకాయన, తాను నరికించిన టేకులో మంచి దుంగలన్నీ ఏరి పక్కన పెట్టించి ఆ ఇల్లు కట్టుకున్నాడు. స్తంభాలు, మెట్లు, ఉయ్యాల, చివరికి స్నానాల గది గడప కూడా టేకే. హైదరాబాదులో ఉండే ఆయన మనవరాలు ఆ ఇంటికి కొత్త పెంకు వేయించి, వెనక ఈతకొలను తవ్వించి, ఖరీదైన విడిది హోటలుగా మార్చింది. అక్కడ ఒక గది, రెండు గదులు ఇచ్చే పద్ధతి లేదు. ఇల్లంతా ఒకే బృందానికి ఇస్తారు. భద్రాచలంలో దర్శనం చేసుకుని వచ్చే అన్నదమ్ముల పిల్లలు, పాపికొండల బోటెక్కి వచ్చే కంపెనీ ఉద్యోగులు, ఖమ్మం గ్రానైటు వ్యాపారులు, పాతికేళ్ల తరువాత కలుసుకునే సహపాఠులు. శుక్రవారమో శనివారమో బస్సు దిగుతారు, ఆదివారం మధ్యాహ్నం భోంచేసి వెళ్లిపోతారు.

ఆ బస్సు దిగిన ప్రతి మనిషికీ మొదట కనిపించే మనిషి కమ్లి. హోటలు వాళ్ల వెబ్‌సైటులో పెద్ద బొమ్మ కూడా ఆమెదే. అద్దాలు కుట్టిన ఎర్ర పేటియా లంగా, కాంచళి రవిక, తల మీద టుక్రి ముసుగు, కణతల పక్కన వేలాడే వెండి ఘుగ్రీలు, మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లని గాజులు. చేతిలో బొట్టు పళ్లెం. వెనక తెరిచిన గేటు. ఆ బొమ్మ చూసి ఫోన్ చేసేవాళ్లు, "ఫోటోల ఉన్నామె ఉంటది గదా?" అని అడగడం మేనేజరు జయరాజ్‌కు అలవాటైపోయింది.

కమ్లి ఆ బంగ్లాలో చేరింది స్వాగతం చెప్పడానికి కాదు. దుప్పట్లు ఉతికే గదిలో పనికి చేరింది. ఆమె ఉండే తండా బంగ్లా వెనక వాగు దాటితే వస్తుంది. తండాలో ఆమె వయసు ఆడవాళ్లందరూ ఎప్పుడో చీరల్లోకి మారిపోయారు, ఆమె కూడా మారింది. కానీ పెళ్లినాడు తల్లి తొడిగిన మోచేతి పై గాజులను మాత్రం తీయలేదు. మిగతావాళ్లు జాకెట్టు చేతులు బిగుతవుతున్నాయని తీసి గూట్లో పెట్టుకున్నారు. కమ్లి వదులు చేతులు కుట్టించుకుంది. భర్త ఉన్న ఆడదానికి ఆ గాజులు గుర్తు. ఉన్నంత కాలం ఉండనీ అనుకుంది. ఒకనాడు యజమానురాలు దుప్పట్ల గదిలోకి వచ్చి, ఇస్త్రీ చేస్తున్న చేతి మీద ఆ గాజుల వరుస చూసి ఆగింది. "వీటితో వేసుకునే బట్టలు కూడా ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయి. తల్లి కుట్టిన పెళ్లి బట్టలు, నాఫ్తలిన్ గోళీల మధ్య.

అట్లా ఆమె గేటు దగ్గరికి వచ్చింది. ఆ పని ఆమెకు నచ్చింది కూడా. నచ్చిందని చెప్పకపోతే కమ్లి కథ అబద్ధమవుతుంది. తన తల్లి కుట్టిన అద్దాల్లో బస్సు నిండా దిగిన జనం ముఖాలు మెరుస్తుంటే, తండా పాట ఒకటి పాడి, ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, ఇప్పపూల షర్బత్ అందించేది. ఆ తరువాత అసలు పని మొదలయ్యేది. బృందమన్నది గేటు దాటేటప్పుడు ఒకటిగా ఉంటుంది, గదులు పంచుకునే వేళకు ముక్కలవుతుంది. కొలను వైపు గది ఎవరికి, వంటింటి పక్క గది ఎవరికి అన్న దగ్గర అక్కాచెల్లెళ్ల గొంతులు మారతాయి. కమ్లి మోకాళ్ల నొప్పుల వాళ్లను కింద, పసిపిల్లల తల్లులను వంటింటికి దగ్గరగా, మందు తాగేవాళ్లను మేడ మీద చివరి గదిలో సర్దేది. ఎవరికీ తమను ఎక్కడో పడేశారన్న అనుమానం రానీయకుండా, ఆ గది వాళ్ల కోసమే ఉంచినట్టు చెప్పేది.

భర్త రామ్‌చందర్‌కు ఇదంతా నవ్వులాట. మిరపచేను చూసుకుంటూ, ఎండాకాలం తునికాకు కోస్తూ ఉండే మనిషి. శనివారం పొద్దున ఆమె ఘుగ్రీలు కట్టుకుంటుంటే మంచం మీద నుంచి అనేవాడు:

"శనివారం వచ్చిందంటే నా పెండ్లానికి పెండ్లి. ఈసారి పిలగాడు ఏ ఊరోడు?"

"హైదరాబాదోడు. బస్సు నిండ ఉన్నరు, ఏరుకుంట."

"ఏరుకో, ఏరుకో. పొయ్యి మీద అంబలి పెట్టిపోయి ఏరుకో."

ఆ రామ్‌చందర్ నిరుడు వానాకాలంలో కామెర్లు ముదిరి చనిపోయాడు. పసరు మందుతో తగ్గుతుందని నమ్మి రోజులు పోగొట్టుకున్నారు. చివరికి జయరాజే హోటలు కారులో ఆయన్ను కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయాడు. స్ట్రెచర్ దొరక్కపోతే తనే ఎత్తుకుని లోపలికి మోశాడు. ఆ సంగతి జయరాజ్ మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లే అది కమ్లి మనసులో బరువుగా ఉండిపోయింది.

తండా పద్ధతి ప్రకారం కమ్లి గాజులు తీసింది ఆమె అత్తే. ఎన్నో ఏళ్లుగా ఆ చేతిని పట్టుకుని ఉన్న గాజులు ఒక పట్టాన రాలేదు. ముసలామె ఆముదం రాసి, ఒక్కొక్కటే, తోలు గీసుకుపోకుండా నెమ్మదిగా జార్చింది. ముసలామె సొంత చేతులు అంతకుముందే బోడివి. తీసిన గాజులన్నీ గుడ్డలో మూటగట్టి, తమ చెల్క చేనులో తవ్విన గోతిలో కొడుకు పక్కన పెట్టించింది. "వాని తోడు వానియి పోనియ్యి," అంది. కమ్లి చేతుల మీద గాజులు ఉన్నంత మేర తోలు పసిపిల్ల ఒంటి రంగులో మిగిలింది. ఆ చోట ఇక ఏదీ ఎక్కదని ఆమె అప్పుడే గట్టిగా అనుకుంది. ఎవరో విధించిన కట్టుబాటు కాబట్టి కాదు. తండాలో ఇప్పుడు ఆ కట్టుబాటును అంత గట్టిగా పట్టుకున్నవాళ్లు కూడా లేరు. ఆయనతో వెళ్లిన వస్తువును మళ్లీ తెచ్చుకుంటే, ఆయన ఒంటరిగా పోయినట్టవుతుందని ఆమెకు అనిపించింది.

నెల తరువాత తెల్లచీరలో పనికి వచ్చి, జయరాజ్‌తో ఒకటే మాట చెప్పింది.

"సారూ, నన్ను మల్ల దుప్పట్లకాడికి పంపుండ్రి. గేటుకాడ నిలబడ."

జయరాజ్ సరేనన్నాడు. మూడు బృందాలు వచ్చి పోయాయి. గేటు దగ్గర నాగలక్ష్మి అనే అమ్మాయి పట్టుచీరలో నిలబడి బొట్టు పెట్టింది. వచ్చినవాళ్లందరూ "ఫోటోల ఉన్నామె ఏది?" అని అడిగారు. హైదరాబాదు నుంచి యజమానురాలు ఫోన్లో అదే అడిగింది. జయరాజ్ జ్వరమనీ, సెలవనీ, చుట్టాల ఊరనీ చెబుతూ వచ్చాడు.

నాలుగో బృందం వేరే రకం. ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో కలిసి చదువుకున్న పాత విద్యార్థులు. సగానికి పైగా తండాల పిల్లలే, ఇప్పుడు ఇంజనీర్లు, బ్యాంకు ఆఫీసర్లు, టీచర్లు. వాళ్ల పెద్ద భద్రు, కరెంటు శాఖలో ఇంజనీరు. ఆయన ఆ బంగ్లానే ఎంచుకోవడానికి కారణం ఆ బొమ్మ. "మా అమ్మ లెక్క ఉన్నది సార్. ఆమె చేత బొట్టు పెట్టించుకోనికే వస్తున్నం," అని ఫోన్లో చెప్పాడు.

జయరాజ్ దుప్పట్ల గదిలోకి వచ్చి, ఇస్త్రీ బల్ల పక్కన చాలాసేపు నిలబడ్డాడు.

"కమ్లక్కా, ఒక్కసారి. గీ ఒక్క గ్రూపు."

"నాకాడ గాజుల్లెవ్వు సారూ. ఆయన తోడు పోయినై."

"అసలువి ఎవలడిగిన్రు? హైదరాబాదుల నాటకాల సామాను అమ్మే దుకాణం ఉన్నది. ప్లాస్టిక్‌వి తెప్పించిన. క్లిప్పు పెడ్తే చేతికి ఆగుతయ్, తీస్తే వస్తయ్. అవి గాజులే కాదనుకో."

కమ్లి బల్ల మీది దుప్పటి తిప్పి వేసి, ఇస్త్రీ పెట్టె అందుకుంది.

"మా దాంట్ల గివన్నీ లెవ్వు అక్కా," అన్నాడు జయరాజ్, మరింత మెల్లగా. "మా నాయిన ప్రభువు దగ్గరికి పోయినంక మా అమ్మ గాజులు తీయలె, బొట్టు మొదలే లేదు. మంచిగనే ఉన్నది. నువ్వు గూడ గట్ల బాధపెట్టుకోవద్దని చెప్తున్న."

అతను మనసారా ఆమె మేలు కోరే ఆ మాట అన్నాడు. అది కమ్లికి తెలుసు. అతని భుజం మీద వేలాడుతున్న రామ్‌చందర్ తల కూడా ఆమెకు గుర్తుంది. ప్లాస్టిక్ కదా అనుకుంది. క్లిప్పు కదా అనుకుంది. గేటు లోపలి సంగతి, వాగు అవతలి తండాకు తెలిసేది కాదు కదా అనుకుంది. ఈ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఒప్పుకుంది.

శనివారం మధ్యాహ్నం నాగలక్ష్మి ఆమెను ముస్తాబు చేసింది. ప్లాస్టిక్ గాజులు తేలికగా ఉన్నాయి, గట్టిగా నొక్కితే చప్పుడవుతున్నాయి. చేతి మీద పాత గాజుల మచ్చ మీదే కచ్చితంగా కూర్చున్నాయి.

"సైజు మంచిగ కుదిరింది అక్కా!" అంది నాగలక్ష్మి సంతోషంగా.

గేటు దగ్గర కావలి హరిలాల్, రామ్‌చందర్‌కు తమ్ముడి వరస. ఆమెను ఆ వేషంలో చూసి లేచి నిలబడ్డాడు. తరువాత ఏం చేయాలో తెలియక, గేటు ముందే తెరిచి ఉన్నా మళ్లీ తెరవడానికి వెళ్లాడు.

బస్సు దిగిన బృందం అప్పటిదాకా వచ్చిన బృందాల లాగా లేదు. వాళ్లు టేకు స్తంభాలను కాదు, ఒకరినొకరు చూసుకుని మురిసిపోతున్నారు.

"ఒరే, హాస్టల్ల పురుగులు ఏరుకొని తిన్నోళ్లం రా మనం. ఇయ్యాల మన ఒళ్లె నాప్కిన్ పరుస్తరట!"

"పురుగులు యాడ ఏరినవ్ రా నువ్వు? నీ కంచంలయి నా కంచంల ఏసెటోనివి!"

భద్రు అందరికన్నా ముందు వచ్చాడు. బొట్టు పెట్టించుకోవడానికి తల వంచినవాడు అట్లాగే వంగి ఆమె పాదాలు తాకాడు. కమ్లి వెనక్కి జరగబోయింది. చేతిలో పళ్లెం ఉంది.

"యాడీ," అన్నాడు ఆయన. తల్లిని పిలిచే ఆ ఒక్క మాటా వాళ్ల భాషలో, మిగతాదంతా తెలుగులో. "మా యాడి గూడ గిట్లనే ఉండేది. మమ్ముల హాస్టల్ల దింపి పొయ్యేటప్పుడు గివే గాజులు కండ్లకు అడ్డం పెట్టుకొని ఏడ్చేది. బాపు ఏం చేస్తడు?"

నలభై మంది వింటున్నారు. చేతుల మీద గాజులు ఉన్నాయి. గాజులు ఉన్న ఆడది భర్త లేడని ఎట్లా చెబుతుంది? చెబితే ఈ గాజులేమిటని అడుగుతారు. ఇంకెవరైనా అయితే అడగరు, తెలియదు కాబట్టి. వీళ్లకు తెలుసు.

"చెల్కకు పోయిండు," అంది కమ్లి.

"రేపు పొద్దుగాల తోల్కరా యాడీ. ఇద్దర్నీ జంటగ కూసోబెట్టి శాలువ కప్పుతం. మా అందరి అమ్మానాయినలకు చేసినట్టు. మాలో శానమందికి వాళ్లు లేరు ఇప్పుడు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పక్కనున్నవాళ్లు కూడా.

సాయంత్రం వాళ్లు కొలను దగ్గర ఆడుకుంటుంటే, కమ్లి జయరాజ్ గదికి వెళ్లి సంగతి చెప్పింది. అతను తల పట్టుకున్నాడు.

"ఊర్లె లేడని చెప్దాం."

"చెల్కకు పోయిండని చెప్పిన. చెల్క ఎంత దూరం? వాళ్లే బోతమంటున్నరు."

"మరి..." జయరాజ్ కిటికీలోంచి గేటు వైపు చూశాడు. "హరిలాల్‌ను ఒక్క పది నిమిషాలు కూసోబెడ్తే..."

కమ్లి అతని ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లలో ఎన్నడూ అట్లా చూడలేదు.

"తప్పయింది అక్కా," అన్నాడు వెంటనే. "పరేషాన్‌ల నోట్లకెళ్లి వచ్చింది. యాది పెట్టుకోకు."

"నిజం చెప్త సారూ. ఇప్పుడే పోయి చెప్త."

"చెప్పు. కని ఒకటి ఆలోచించు. వాళ్లు నీ కాళ్లు మొక్కిన్రు. గాజులు నాటకాలయని తెలిస్తే వాళ్లకు ఎట్లుంటది?"

కమ్లి కొలను వైపు నడిచింది. దీపాల కింద వాళ్లు వరుసగా కూర్చుని, పోయిన మిత్రులను తలుచుకుంటున్నారు. ఒక స్త్రీ ఆమెను చూసి చోటు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. చేయి పట్టుకుని, గాజులు నిమిరి, "మా నాయనమ్మకు ఉండె ఇవి. చిన్నప్పుడు లెక్క పెట్టుకుంట పండుకునేదాన్ని," అంది. ఆ వేళ్ల కింద ప్లాస్టిక్ ఎక్కడ చప్పుడు చేస్తుందో అని కమ్లి చేయి కదపకుండా కూర్చుంది. చెప్పలేదు.

మరునాడు ఫలహారం తరువాత పచ్చిక మీద రెండు కుర్చీలు వేశారు. "బాపుకు పాణం మంచిగ లేదట, రాలేడట," అని జయరాజ్ చెప్పాడు. అయ్యో అన్నారందరూ. కమ్లిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. అంతటితో అయిపోతుందనుకుని ఆమె లేవబోయింది. భద్రు ఆపాడు.

"బాపు రాకున్నా ఆయన మర్యాద ఆయనదే," అన్నాడు. రెండో శాలువాను మడత విప్పి ఖాళీ కుర్చీ మీద కప్పాడు. బంతిపూల దండ తీసుకుని కుర్చీ వీపుకు వేశాడు. చేతులు జోడించాడు.

దండ వేసిన ఖాళీ కుర్చీ, దాని పక్కన గాజులు వేసుకుని తాను.

కమ్లి నోటి నుంచి ఏడ్పు వచ్చింది. వచ్చిందని ఆమెకే ముందు తెలియలేదు. తండాలో ఆడవాళ్లు ఏడ్చేది రాగంతోనే. పెళ్లికూతురు పుట్టిల్లు వదిలేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడ్చే ఢావ్లోకీ, చావుకు ఏడ్చే ఏడ్పుకూ రాగం దాదాపు ఒకటే. మాటలే వేరు. రామ్‌చందర్ పోయిన నాడు చుట్టూ జనం ఎక్కువై, దవాఖానా కాగితాల పరుగులో సగంలో ఆగిపోయిన ఏడ్పు ఆ పచ్చిక మీద మొదటి నుంచి మొదలైంది. లాలి బాపూ అని పిలిచింది. కూతురి పేరు పెట్టి తప్ప ఆయన్ను ఆమె ఎన్నడూ పిలవలేదు. నీ మిరపచేను కాయ పండింది, కోసేటోళ్లు లేరు అంది. నీతో పంపిన గాజులు నా చేతికెట్లా వచ్చాయో అడగవేమి అంది. శనివారం వచ్చింది, పిలగాడు ఏ ఊరోడని అడగవేమి అంది. ఆ మాట దగ్గర ఊపిరి తెగింది. మళ్లీ అందుకుంది.

బృందం మొదట నివ్వెరపోయింది. తరువాత ఫోన్లు లేచాయి. చిన్నప్పుడే ఇల్లు విడిచి, తెలుగులో తప్ప మాట్లాడితే బెత్తం ఆడించే హాస్టళ్లలో పెరిగిన చెవులు అవి. రాగాన్ని గుర్తుపట్టాయి. మాటలను పట్టలేకపోయాయి.

"ఢావ్లో!" అంది రాత్రి గాజులు నిమిరిన స్త్రీ, ఏడుస్తూనే. "మా అక్క పెండ్లికి విన్న, మల్ల ఇప్పుడే!" ఆమె వచ్చి పెళ్లికూతురి చెలికత్తె పట్టుకున్నట్టు కమ్లి మెడ పట్టుకుంది. మరో ఇద్దరు కూడా వచ్చారు. వెనక నిలబడ్డవాళ్లు మెల్లగా తాళం వేశారు. నాగలక్ష్మి హోటలు ఫోన్లో మొత్తం చిత్రీకరించింది, శనివారాల స్వాగతం చిత్రీకరించినట్టే. గేటు దగ్గర హరిలాల్ ఒక్కడికే మాటలు అర్థమయ్యాయి. అతను టోపీ తీసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఏడ్పు అయిపోయాక అందరూ చాలాసేపు చప్పట్లు కొట్టారు.

బస్సు వెళ్లిపోయిన తరువాత కమ్లి గాజుల క్లిప్పులు ఊడదీసి జయరాజ్ బల్ల మీద పెట్టింది.

"ఇగ నాతోని కాదు సారూ. పంపిస్తే దుప్పట్లకాడికి పంపు, లేకుంటే ఇంటికి పంపు."

జయరాజ్ తల ఎత్తలేదు. "నువ్వు ఇంకెన్నడూ గేటుకాడ నిలవడవ్ అక్కా. నాది మాట," అన్నాడు. ఆ మాట ఈ రోజు దాకా తప్పలేదు.

తండాకు విషయం ఆమె కన్నా ముందే చేరింది. వీడియో చేతుల నుంచి చేతులకు తిరిగింది. ఖమ్మంలో నర్సింగ్ చదువుతున్న కూతురు లాలి ఫోన్ చేసి, "అమ్మా, అది నాయిన ఏడ్పే గదా?" అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేసింది. అత్త హరిలాల్ ఫోన్లో చూసింది. కమ్లి వాగు దాటి ఇంటికి వచ్చేసరికి ముసలామె వాకిట్లో కూర్చుని ఉంది. గాజుల గురించి తిడుతుందని కమ్లి దారి పొడుగునా సిద్ధపడుతూ వచ్చింది.

"అవి ప్లాస్టిక్‌వి అత్తా," అంది, అడగకముందే. "క్లిప్పులవి. తీసి ఇచ్చేసిన."

"కనబడ్డది," అంది ముసలామె. "గాజులు ప్లాస్టిక్‌వి. ఏడ్పు?"

కమ్లి చెప్పులు విడిచి గడప పక్కన పెట్టింది.

"వాని ఏడ్పు మనింట్ల సగమే అయింది. మిగిలింది వాళ్లకెందుకు ఇచ్చినవ్?"

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. లోపలికి వెళ్లి కోడలికి అన్నం పెట్టింది.

ఆ తరువాత కమ్లి జీవితం ఆమె కోరుకున్నట్టే నడిచింది. తెల్లవారి వాగు దాటుతుంది. బంగ్లా వెనక గదిలో దుప్పట్లు, తువ్వాళ్లు, బల్ల గుడ్డలు ఉతుకుతుంది, ఇస్త్రీ చేస్తుంది. చేతులు బోడిగా ఉంటాయి. తోలు మీద తెల్ల మచ్చ నెమ్మదిగా మిగతా రంగులో కలుస్తోంది. బృందాలు వస్తున్నాయి, పోతున్నాయి. భద్రు వాళ్ల బృందం ఆ బంగ్లా గురించి ఎంతో గొప్పగా రాసింది. తమ బతుకులో మరువలేని ఘడియ ఆ తల్లి పాట అని రాశారు. అది చదివి ఫోన్ చేసేవాళ్లు ఇప్పుడు ఫోటోలో ఉన్నామెను అడగడం మానేశారు. "ఆ పాట ఉంటది గదా?" అని అడుగుతున్నారు.

ఒక శనివారం బస్సు హారన్ వినిపించిన వెంటనే, గేటు వైపు నుంచి కమ్లికి తన గొంతు వినిపించింది.

ఇస్త్రీ పెట్టె బల్ల మీద నిలబెట్టి బయటికి వచ్చింది. గేటు స్తంభానికి పైన కొత్త స్పీకరు ఉంది. కింద నాగలక్ష్మి, నాటకాల దుకాణపు పేటియా, కాంచళి, క్లిప్పు గాజులతో పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. హరిలాల్ కుర్చీ ఖాళీ. అతను పని మానేసి మణుగూరులో ఏదో గోదాముకు కావలి వెళ్లాడని తరువాత తెలిసింది. లాలి బాపూ అని స్పీకరు పిలుస్తుంటే, దిగినవాళ్లు ఒక్కొక్కరే తల వంచి బొట్టు పెట్టించుకుని, షర్బత్ తాగుతూ, "ఎంత బాగుందో!" అనుకుంటూ లోపలికి వెళ్తున్నారు.

సాయంత్రం జయరాజ్‌ను అడిగింది.

"అది చావు ఏడ్పు సారూ. నా పెనిమిటిని పిలుస్తున్న దాంట్ల."

"నాకు తెలుసు అక్కా. మేడంకు చెప్పిన. రెండుసార్లు చెప్పిన." జయరాజ్ ముఖం నల్లబడింది. "మాటలు ఎవలకు అర్థమైతయ్, రాగం మంచిగున్నది గదా అన్నది. నిన్ను నిలబెట్టనని నేను మాటిచ్చిన. నిలబెట్టలె. గొంతు సంగతి నాకు తోచలె అక్కా, ఆనాడు."

ఆమెకు కూడా తోచలేదు. చేతులకు ఏదీ ఎక్కకూడదని అంత గట్టిగా అనుకున్న మనిషి, నోటి గురించి అనుకోలేదు.

పని మానేయవచ్చు. హరిలాల్ మానేశాడు. కానీ తాను మానేసినా ఆ పాట అక్కడే ఉంటుందని కమ్లికి అర్థమైంది. తాను ఉంటే, కనీసం దాన్ని వినే వాళ్లలో మాటలు తెలిసిన మనిషి ఒకరు ఉంటారు. అది తనకు ఊరటో శిక్షో ఆమె ఎవరికీ చెప్పలేదు. బస్సు వచ్చే వేళకు పెద్ద ఉతుకు యంత్రం తిప్పడం నేర్చుకుంది. అది తిరుగుతుంటే గోడలు అదురుతాయి, గేటు దగ్గరి చప్పుడు వినిపించదు.

మొన్న శనివారం నాగలక్ష్మి, పేటియా కట్టుకునే ముందు, దుప్పట్ల గదిలోకి వచ్చింది. చేతిలో బొట్టు పళ్లెం ఉంది.

"అక్కా, నీ పాటల ఒక్కకాడ ఊపిరి ఆపుతవ్ జూడు. ఏదో అడిగినట్టు అడిగి ఆపుతవ్. సార్ ఉరికిస్తున్నడని నేను బొట్లు జల్దీ జల్దీ పెట్టేస్తున్న, ఆ చోటు వచ్చేసరికి అయిపోతున్నయ్. ఆఖరి బొట్టు సరిగ్గ ఆ చోటుకు పడాలె అంటున్నది మేడం. వీడియోల మంచిగొస్తదట. అది రాబోతున్నదని ఎట్ల గుర్తుపట్టాలె?"

కమ్లి తడి దుప్పటి రెండు కొసలు ఆ పిల్ల చేతికిచ్చింది.

"పట్టు. గట్టిగ పట్టు, నేల తగలనియ్యకు."

ఇద్దరూ చెరోవైపు నిలబడి దుప్పటి విదిలించారు. మడిచారు. దగ్గరికి వచ్చి కొసలు కలిపారు. మళ్లీ దూరం జరిగి మడిచారు. నాగలక్ష్మి ఇంకా జవాబు కోసం చూస్తోంది. రోడ్డు మలుపులో బస్సు హారన్ కొట్టింది. ఆ పిల్ల పళ్లెం తీసుకుని పరిగెత్తింది.

యంత్రంలో ఇంకా సగం బట్టలే పడ్డాయి. కమ్లి మిగతావాటి కోసం ఆగకుండా తలుపు మూసి, మీట నొక్కింది.